వెదురు సూదుల వరసలు

పంతొమ్మిదేళ్ళపాటు చెల్లెలు అల్లిన ప్రతి స్వెట్టరూ అక్క పేరుతోనే అమ్ముడుపోయింది. ఊలు దుకాణంలో ఒక పద్ధతి ఉంది. మెడ వెనక, లోపలివైపు, అల్లినవాళ్ళ పేరు రాసిన గుడ్డచీటీ కుడతారు. చెల్లెలికి నలుగురిలో నోరు పెగలదు, కాబట్టి సరుకు పట్టుకెళ్ళేది అక్క. “పేరెవరిదైతేనేం, ఒక కడుపున పుట్టినవాళ్ళమే కదా” అనేది. చెల్లెలు తల వంచుకుని ఇంకో వరస మొదలుపెట్టేది. తల నిమురుతూ నోట్లో మన్ను కొట్టడమంటే అదే.

అక్క పోయిన నెలకి దుకాణం ఆవిడ ఊలు తెచ్చి ఇచ్చింది. “ఒక్క స్వెట్టరు అల్లు. చెయ్యి ఒకే తీరుగా ఉంటే నీ పేరు కుట్టి గాజు బీరువాలో పెడతాను. వచ్చే శనివారానికి కావాలి” అంది. తన పేరు గుడ్డ మీద చూసుకోవడానికి ఆ మనిషికి యాభై రెండేళ్ళు పట్టింది.

ఆదివారం పగలు అక్క కూతురు వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. తల్లి చేసిన అన్యాయం చిన్నప్పటి నుంచీ ఆమె గొంతులో ముల్లు.

“రావే కళ్ళజోళ్ళమ్మా. కళ్ళు మూసుకుని ఇది తడుము” అని పిన్ని సగమైన స్వెట్టరు ఆమె ఒళ్ళో వేసింది.

కింద వదులుగా, మెత్తగా ఉంది. జానెడు పైన వేళ్ళకి గట్టిగా ఒక పట్టీ తగిలింది. మళ్ళీ వదులు. మళ్ళీ గట్టి.

“సూదులు మార్చావా పిన్నీ?”

“ఏం మారుస్తాను? ప్లాస్టిక్‌వి ఎండ తగిలితే నడుం వంచుతాయి. చెక్కవి చేతి జిడ్డు తాగి నున్నబడేదాకా ఊలు పీకుతాయి. నాకెప్పుడూ స్టీలే. చలికి వేళ్ళు కొరుకుతాయి గానీ ఊలు జారుతుంది, పని పరుగెడుతుంది.”

“వీధి చివరిదాకా వినబడుతుంది కూడా.”

“అందుకేగా మీ అమ్మ నన్ను టకటకమ్మా అనేది. తనకి వెదురువే కావాలి. వెదురు ఊలుని వదలదు. నెమ్మది, చప్పుడుండదు. ఇద్దరివీ ఒకే నంబరు సూదులైనా తన వరస బిగుతు, నాది వదులు. ఒక స్వెట్టరులో ఇద్దరం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.” పిన్ని ఆ గట్టి పట్టీని గోటితో గీకింది. “మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నాలుగు వరసలు పెరిగి ఉంటాయి. ఈ పట్టీలు చూసుకోక పైన అల్లేశాను, అప్పట్నుంచీ కనబడగానే విప్పేస్తాను. మర్నాడు మళ్ళీ.”

పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని చెప్పినంత మామూలుగా చెప్పింది.

“నిద్రలో నువ్వే అల్లుతున్నావేమో.”

“నిద్రలో నడిచేవాళ్ళున్నారు. నిద్రలో వెదురు మొలిపించేవాళ్ళని చూశావా?”

కళ్ళజోళ్ళమ్మ రేకుపెట్టె అంతా వెతికింది. వెదురు జత లేదు. ఉండదని ఆమెకి తెలుసు. ఆఖరి రోజున, పాడె మీద, ఆ జతని అమ్మ చేతుల్లో పెట్టింది తనే. వేళ్ళు ముడుచుకోకపోతే ఒక్కొక్కటే వంచి మరీ పట్టించింది.

భోజనాలయ్యాక పిన్ని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. స్వెట్టరు కిటికీ కింద బుట్టలో ఉంది, స్టీలు సూదులతో సహా. కళ్ళజోళ్ళమ్మ ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నేల మీది ఊలు ఉండ ఒక్కసారి దొర్లి ఆగింది. కాసేపటికి ఇంకో చుట్టు. అల్లేవాళ్ళు దారం అందక లాగినప్పుడు దొర్లినట్టే. బుట్టలోంచి ఏ చప్పుడూ రాలేదు. స్టీలైతే వినబడేది.

ఆమె లేచి వెళ్ళి, పిన్ని నిద్ర లేచేదాకా వీధి మెట్ల మీద కూర్చుంది.

నాలుగు వరసలు. స్టీలు సూది మీద కుట్లు కదలనంత బిగుతు. పిన్ని వాటిని విప్పడం మొదలుపెట్టింది. “చచ్చి కూడా నా చెయ్యి నాకు వదలదా? ఇలా చారలు చారలుగా ఇస్తే దుకాణం ఆవిడ నా మొహాన కొడుతుంది. పేరూ లేదు, పాడూ లేదు.”

శుక్రవారం పని దిగగానే కళ్ళజోళ్ళమ్మ మళ్ళీ వచ్చింది, ఊలు తన ఇంటికి పట్టుకెళ్ళి అక్కడ అల్లిద్దామని. పిన్ని గడప మీద ఉత్త చేతులతో కూర్చుని ఉంది. ఆ చేతులు ఖాళీగా ఉండగా చూడటం అదే మొదలు. స్టీలు సూదులు కిటికీ ఊచల మధ్య దూర్చి ఉన్నాయి.

లోపల బుట్టలో స్వెట్టరు దాదాపు పూర్తయింది. అంచు నుంచి భుజాల దాకా బిగుతుగా, ఒక్క తీరుగా, ఒకే చెయ్యి. పైవరస కుట్లు ఏ సూదీ లేకుండా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఒక్కటీ జారలేదు.

ఆమె బయటికి వచ్చింది. “నువ్వు అల్లింది ఏమైంది?”

“సోమవారం మొత్తం విప్పి, ఉండ చుట్టి బుట్టలో పడేశాను. మళ్ళీ ముట్టుకోలేదు.”

“మరి రేపు దుకాణానికి?”

ఆ సాయంత్రం తర్వాత కళ్ళజోళ్ళమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పిన్ని లోపలికి ఒకసారి తొంగి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“రేపు ఆవిడ కుట్టేది నా పేరే. మీ అమ్మకి చెప్పకు, మెడపట్టీ ఇంకా మిగిలుంది” అంది.