మేడికట్టె కత్తి

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం పొద్దున, మా పెరట్లో ఉన్నది ఇద్దరం: మా అవ్వ, నేను. ఉన్న సామాన్లు ఇవి: చెక్కడానికి ఒక బాడిశ, ఒక ఉలి, ఒక ఆకురాయి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని కోసే పొడుగు రంపం, నా హాక్సా బ్లేడు, పగిలిన సోడా సీసా ముక్క, ముంతలో కొంచెం ఆముదం, నీళ్ల గోలెంలో రాత్రంతా నానిన ఒక వంకర తుమ్మకట్టె. లేనిది నా స్కేలు. దాన్ని ఇంట్లో పెట్టి రమ్మని అవ్వ ముందే చెప్పింది. మర్నాడు బడిలో ప్రార్థన గంట కొట్టేలోపు నా చేతిలో కత్తి ఉండాలి. లేకపోతే నేను సేనాపతిని కాను.

అది తెలంగాణ వచ్చిన రెండో ఏడు. నేను ఐదో తరగతి. మా ఊరు జడ్చర్లకు దగ్గర. మా బాపు అక్కడి మందుల కంపెనీలో షిఫ్టు పనికి పోయేవాడు, అమ్మ పత్తి చేలకు పోయేది. బడి నుంచి వచ్చాక నాకు దొరికేది అవ్వే. ఆ ఏడు బడి వార్షికోత్సవానికి మా తెలుగు సారు ఒక కోట కథను నాటకంగా రాశారు. అందులో నేను సేనాపతిని. చివర్లో కత్తియుద్ధం. ఎవరికీ దెబ్బ తగలకుండా సారు ఆ యుద్ధాన్ని ఏడు దెబ్బలుగా విడగొట్టి, వరసగా నంబర్లు ఇచ్చారు. నాకు నంబర్లంటే ప్రాణం. నోట్‌బుక్కులో ఏడు బొమ్మలు వేసి, ఏ దెబ్బకు కత్తి ఎటు నుంచి వస్తుందో బాణం గుర్తులు పెట్టి, అన్నం తింటూ కూడా చూసుకునేవాణ్ని.

ప్లాస్టిక్ కత్తుల చప్పుడు బాగుండదు కాబట్టి ఎవరి కత్తి వాళ్లే కట్టెతో చేసుకురావాలని సారు చెప్పారు. నేను గ్రాఫు కాగితాలు అతికించి ముప్పై అంగుళాల వంపుకత్తి గీశాను. వంపు ఎక్కడ మొదలవ్వాలో, మొన ఎంత సన్నబడాలో అంతా లెక్కే. దాన్ని పండ్ల పెట్టె చెక్క మీదికి దించి, హాక్సా బ్లేడుతో గీత తప్పకుండా కోసి, వెండిరంగు కాగితం అంటించాను. శనివారం రిహార్సల్లో నాలుగు దెబ్బలు బాగా నడిచాయి. ఐదోది పైనుంచి పడే దెబ్బ. కత్తి వంపు దగ్గర విరిగింది. మొన ఎగిరి వరండాలో పడింది.

అందరూ నవ్వారు, ఒక్కడు తప్ప. వాడు సైనికుల వరసలో నిలబడే పిల్లవాడు. సేనాపతి మాటలన్నీ వాడికి కంఠతా వచ్చు. వాడు నా తలమీది అట్టకిరీటాన్నే చూస్తున్నాడు. సారు కోప్పడలేదు. సోమవారం ప్రార్థనకు ముందు ఏడు దెబ్బలకు ఆగే కత్తి తెస్తే వేషం నాదేనని, తేకపోతే వాడిదని తేల్చేశారు.

ఇంటికి పోయి రెండు ముక్కలనూ అవ్వ ముందు పెట్టాను. గ్రాఫు కాగితం కూడా పెట్టాను, తప్పు నాది కాదని రుజువు కోసం. అవ్వకు చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూసి, బొమ్మ మంచిగనే ఉందని మెచ్చుకుంది. మిగిలిన పెట్టె చెక్క తెచ్చి, దాని మీద మళ్లీ గీయమంది. ఇంకో కత్తి తయారవుతోందన్న సంబరంతో నేను మొదటిసారికంటే శుభ్రంగా గీశాను. అవ్వ ఆ చెక్కను నిలువుగా నిలబెట్టి, పై అంచున బాడిశ ఆనించి, రాయితో ఒక్క దెబ్బ కొట్టింది. చెక్క పైనుంచి కింది దాకా చీలిపోయింది. నా కత్తి సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద మిగిలింది.

“నీ కాయితం ఎటు తిరుగుమన్నది?” అని అడిగింది.

వంపు వైపు వేలు చూపించాను.

“కట్టె ఎటువోయింది?”

తిన్నగా కిందికి పోయింది.

“మరి కట్టెకు నీ కాయితం చదువొస్తదా బిడ్డా?”

నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. అవ్వ ఆ చీలిక మీద నా వేలు పెట్టి నిమిరించింది. సన్నటి నార పొడుగ్గా, తిన్నగా చేతికి తగిలింది. ఆ నారకు అడ్డంగా వంపు కోస్తే, వంపు దగ్గర పట్టి ఉంచేది ఏమీ మిగలదట. వంపు కత్తి కావాలంటే పుట్టుకతోనే వంగిన కట్టె వెతకాలట.

అలాంటి కట్టెలు మా పశువుల కొట్టం వెనకే ఉన్నాయి. మా తాత నాగళ్లు చేసేవాడు. నాకు మూడేళ్లప్పుడు పోయాడు. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చాక నాగళ్లు అడిగేవాళ్లు లేరు. దున్నేటప్పుడు రైతు పట్టుకునే మేడి కోసం ఆయన ఏరి పెట్టిన వంకర కట్టెలు అక్కడే కుప్పగా పడి ఉన్నాయి. నేను వాటిని ఎన్నోసార్లు తొక్కి దాటాను, ఒక్కసారీ చూడలేదు. అవ్వ ఒక్కో కట్టెనూ వేలి కణుపులతో తట్టి, కొసలు తిప్పి చూసి, మూడింటిని పక్కన పడేసి, నాలుగోదాన్ని నా చేతికిచ్చింది. దాని వంపు అచ్చం కత్తి వంపే. ఎండి ఇనుములా ఉన్న కట్టెను మెత్తబడటానికి గోలెంలో వేసింది.

ఆదివారం ముందుగా మొదలు వైపు లావు ముక్కను కోసేయాలి. అవ్వ రంపానికి ఒక చివర కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోమంది. అది తాత కూర్చునే వైపు. నేను ఉత్సాహం పట్టలేక ముందుకు తోశాను. రంపం వంగి ఇరుక్కుపోయింది.

“గుంజుడే మన పని, నూకుడు లేదు. నువ్వు గుంజేటప్పుడు నేను ఊకుంట. నేను గుంజేటప్పుడు నువ్వు ఊకో,” అంది అవ్వ.

ఊరుకోవడమే కష్టమనిపించింది. పది గుంజుళ్లకు చేయి కుదిరింది. ఇరవైకి రంపం దానంతటదే నడుస్తున్నట్టయింది. లావు ముక్క తెగి పడినప్పుడు నేను లేచి గెంతాను. తర్వాత అవ్వ కట్టెను కాళ్లతో అదిమి పట్టి, బాడిశతో ఒకవైపు పలచన చేసి, రెండోవైపు నాకిచ్చింది. వంపు వెంబడి చెక్కితే పెచ్చులు పొడుగ్గా, మెత్తగా లేచాయి. ఎదురు చెక్కితే బాడిశ కట్టెలో దిగబడి ఆగిపోయింది. ఎటు ఎదురో, ఎటు వాటమో చూడకుండానే చేతికి తెలుస్తున్నందుకు నాకు ఒళ్లంతా పులకరించింది. ఇంత నేర్పు తాత దగ్గర నేర్చుకున్నావా అని అవ్వను అడిగాను.

“మీ తాత చేతి పని మంచిది. కట్టె ఏరుడు మాత్రం నాదే,” అంది. “ఊరోళ్లకు చెప్పలే. ఆడిది ఏరిన కట్టె అంటే నాగలి కొంటరా?”

తాత చేసిన నాగలి విరగదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆ పేరులో సగం ఈమెదని ఆ రోజు నాకొక్కడికే తెలిసింది.

మధ్యాహ్నానికి కట్టె కత్తి రూపానికి వచ్చింది. అప్పుడే మొన దగ్గర నల్లటి ముడి బయటపడింది, దాని పక్కన వెంట్రుకంత పగులు. మొనను అంతకు ముందే ఆపాలంది అవ్వ. అంటే నాలుగు వేళ్ల పొడుగు పోతుంది. నేను ఒప్పుకోలేదు. కత్తి పొట్టిదైతే నా వేషం కోసం చూస్తున్నవాడు నవ్వుతాడన్నాను, సేనాపతి కత్తి పొడుగ్గా ఉండాలన్నాను, ముప్పై అంగుళాలు అన్నాను.

“ఉంచుకుంటే ఉంచుకో. కత్తి నీది, లడాయి నీది. కోస్తే నువ్వే కొయ్యాలె, నేను కొయ్య,” అని అవ్వ గోడకు ఆనుకుని వక్క నమలసాగింది.

ఆ ముడి మీద బొటనవేలితో నొక్కాను. ఏమీ కాలేదు. రెండు చేతులతో వంచాను. పగులు కొద్దిగా నోరు తెరిచింది. ఐదో నంబరు దెబ్బ గుర్తొచ్చింది. హాక్సా బ్లేడు తీసుకుని కోసేశాను. అవ్వ వక్క ఉమ్మేసి లేచింది. గాజుముక్కకు గుడ్డ చుట్టి నాకిచ్చి, గీకి నున్నగా చేయమంది. గీకిన చోటల్లా ఎర్రటి కట్టె మెరిసింది. ఆముదం రుద్దాక వంపు పొడుగునా నార గీతలు, ఒక్కటీ తెగకుండా, పిడి నుంచి మొన దాకా పారాయి. వెండి కాగితం అంటించబుద్ధి కాలేదు.

సోమవారం వాడు చూసి, “గిది కత్తా, కొడవలా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను పిడిని గట్టిగా పట్టుకున్నాను. సారు ఒక లావు కర్ర తీసుకుని, నంబరు చెప్పి మరీ కొట్టడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడు, నాలుగు. ఐదోది పైనుంచి పడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కత్తి కత్తిలాగే ఉంది. ఆరో దెబ్బకు సారు కర్ర దించి మణికట్టు రుద్దుకున్నారు.

“ఏడోది స్టేజి మీద చూద్దాం పోరా,” అన్నారు.

నాటకం రోజు యుద్ధానికి ముందు నేను ఒక మాట మర్చిపోయాను. వెనక సైనికుల వరసలోంచి వాడే మెల్లగా అందించాడు. అవ్వ ముందు వరసలో చాపమీద కూర్చుని, నా మొహం వంక చూడకుండా కత్తినే చూసింది. ఏడు దెబ్బలూ అయ్యాక మాత్రం నా మొహం వంక చూసింది.

తర్వాత నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. ఇప్పుడు కంప్యూటరు మీద యంత్రభాగాలు గీయడమే నా ఉద్యోగం. కానీ చేతికి కట్టె వస్తే స్కేలు తీయను. ముందు కొస తిప్పి నార ఎటు పోతోందో చూస్తాను, ముడి ఉంటే అంతకు ముందే ఆగుతాను. కాలేజీలో వడ్రంగం నేర్పిన వర్క్‌షాపు సారు ఒకసారి ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, మా అవ్వ దగ్గర అని గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను. ఆ మూడేళ్ల చదువులో నా చేతిలో చీలిన చెక్కలు రెండే.