రూతమ్మ ఎడమచేతి కుట్టు

2023 వేసవిలో, రేపల్లెలో మా ఇంటి పంచలో బొంత కుడుతుంటే లావణ్య అనే అమ్మాయి వచ్చింది. బాపట్లలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. నేను మూడో తరగతితో బడి మానేసి, ఏభై ఏళ్లుగా బొంతలు కుడుతున్నదాన్ని. పాత చీరలు పొరలుగా పరిచి, నలుగురం నాలుగు మూలల నుంచి కుట్టుకుంటూ నడుమకు వస్తాం. పనికిరాని గుడ్డంటూ నా ఇంట్లో ఉండదు.

"కొలాబరేటివ్ రీసెర్చ్ చేస్తున్నామండి, అమ్మమ్మగారూ. మీరూ రావాలి" అంది. అంటే చదువుకున్నవాళ్లూ, పని తెలిసినవాళ్లూ కలిసి కూర్చుని చరిత్ర రాయడమట.

"నేనొచ్చి కూర్చుంటే నా పని నువ్వు చేస్తావా?"

"పని కూడా తెచ్చుకోండి."

ఆ మాట నచ్చి బస్సెక్కాను.

తెనాలిలో ఒక రైతు కుటుంబం వారింట్లో పాత బొంత ఉంది. దాన్ని కాలేజీ ప్రదర్శనలో పెట్టి, పక్కన అట్ట మీద కుట్టినవారి పేరు రాస్తారట. "మా అత్తగారు కుట్టిందండి" అన్నారు ఆ ఇంటి కోడలు శకుంతలగారు. లావణ్య రాసుకోబోయింది.

నేను బొంత తిరగేశాను. మూడు మూలల్లో వరసలు కుడి నుంచి ఎడమకు నడిచాయి. నాలుగో మూలలో ఎడమ నుంచి కుడికి, ఎడమచేతి వాటం వాళ్లు కుట్టినట్టు. ఆ మూలలో ప్రతి వరస మొదట్లో ఒకే చోట రెండు కుట్లు, ముడి పొరల్లోకి దాచి. అది నాకు పని నేర్పిన రూతమ్మ చెయ్యి. "ఎద్దు ఉచ్చ పోసినట్టు ఆ వంకర కుట్టేంటే?" అని నన్ను తిట్టి తిట్టి నేర్పింది.

"ఇది నలుగురు కుట్టిందమ్మా. ఈ మూల మా రూతమ్మది" అన్నాను.

"అదేంటి దీవెనమ్మా, మా అత్తగారు అబద్ధమాడారంటావా?"

"చీరలు ఆవిడవే అయ్యుంటాయి. నేననేది చేతుల సంగతి."

లావణ్య ఎవిడెన్స్ కావాలంది. అంటే, నేను చెప్పడమే కాక, చూపించేది ఏదైనా.

నాకు ఒళ్లు మండింది. "నా మాట చాలదా?"

"నాకు చాలునండి. రేపు మనిద్దరం లేనప్పుడు చదివేవాళ్లకి చాలాలి కదా?"

రూతమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ కూతురు సువార్త కర్లపాలెంలో ఉంటుంది. ఇద్దరం వెళ్లాం. సంగతి విని సువార్త తల్లి ఒక్కతే కుట్టిన బొంతను మంచం మీద నుంచి తీసిచ్చింది. "పిన్నీ, మా అమ్మ పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు. ఎలాగైనా రాయించు" అంది.

తెనాలిలో రెండు బొంతలూ పక్కపక్కన పరిచాం. అవే జంట కుట్లు, అదే ఎడమచేతి వాటం. శకుంతలగారు కళ్లజోడు పెట్టుకుని వేలితో తడిమి చూశారు. "నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు నలుగురు ఆడవాళ్లు పంచలో కుట్టేవారు. మంచినీళ్లిచ్చానే గానీ పేర్లు అడగలేదు" అన్నారు.

మిగతా ముగ్గురికీ ఏవో పేర్లు రాసేయమన్నాను. ఖాళీగా వదలడం నాకు గిట్టదు.

"తప్పండి. తెలియనిది తెలియలేదనే రాయాలి" అంది లావణ్య.

ప్రదర్శనలో సువార్త ఆ అట్టను వేలు పెట్టి పైకి చదివింది: "కుట్టినవారు: రూతమ్మ, మరో ముగ్గురు స్త్రీలు. వారి పేర్లు తెలియలేదు." తల్లి పేరు దగ్గర ఆగి మళ్లీ చదివింది.

సాక్ష్యం అడిగినందుకు ఆ అమ్మాయికి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. నా మాట మీదే రాసి ఉంటే, అది నాతోనే పోయేది. ఇప్పుడు నాతో కుట్టేవాళ్లెవరైనా సరే, బొంత ముగించాక తమ మూలలో తమ పేరు కుట్టాల్సిందే. దారం ఎక్కువవుతుంది. కానివ్వండి.