నీలి తెచ్చిన సంతకాలు

మరిపెడ బస్టాండు ఎదుటి సందులో బానోతు నీలికి చిన్న కుట్టుమిషను దుకాణం ఉండేది. నాలుగు కిలోమీటర్ల అవతలి ఎర్రగుట్ట తండా ఆమెది. ఆ తండాలో పదో తరగతి పాసైన మొదటి ఆడమనిషి. పింఛను కాగితమైనా బ్యాంకు నోటీసైనా ముందు ఆమె చేతికే వచ్చేది. "నీలి సదివి సెప్పిందంటే ఇగ తిరుగులేదు" అనేవాడు తండా పెద్ద సేవ్యా నాయక్. ఆ నమ్మకమే తర్వాత ఆమెకు కూడు సహించకుండా చేసింది.

అది 2011 వానాకాలం. తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే ఉంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం జగపతి అనే నడివయసు మనిషి దుకాణానికి వచ్చాడు. రఘునాథపల్లి వైపు భూములున్న కుటుంబం. ఖద్దరు చొక్కా, మెడలో కండువా, మెత్తటి మాట. 'తండాల తెలంగాణ పోరు వేదిక' అని రాయించిన బ్యానర్లకు అంచులు కుట్టించుకుని పోయి, వారం తిరగకముందే మళ్లీ వచ్చాడు.

"అక్కా, తండాలోళ్లు తెలంగాణ అడుగుతలేరని పట్నంల అంటున్నరు. మనం సంతకాలు వెట్టి పంపాలె. వేదికకు మహిళా అధ్యక్షురాలివి నువ్వే. నీ మాటయితే జనం ఇంటరు."

అంతవరకు ఏ సభలోనూ ఎవరూ నీలిని కుర్చీలో కూర్చోమనలేదు. మార్కెట్లో హమాలీ పని చేసే భర్త ప్రేమ్‌సింగ్ "మనకెందుకే గివన్నీ" అన్నా ఆమె వినలేదు. గడపగడపా తిరిగింది. మొదటి కాగితం మీద రాష్ట్రం కావాలని రాసి ఉంది. దాన్ని ప్రతి ఇంట్లో చదివి వినిపించింది. వెనుక కాగితాల్లో వట్టి గీతలే. వాటి మీద రెండు వందలకు పైగా సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. మొదటి వేలిముద్ర సేవ్యా నాయక్‌ది.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ఉద్యోగులు టెంట్లలో కూర్చున్నారు. వాళ్లకు మంచినీళ్లు ఇవ్వబోయిన నీలిని రెవెన్యూలో పనిచేసే చంద్రయ్య పక్కకు పిలిచాడు.

"గుట్ట ఇచ్చేస్తున్నరట గద నీలమ్మా?"

"ఏ గుట్ట సారూ?"

"మీ ఎర్రగుట్టే. గ్రానైటు కంపెనీకి లీజుకియ్యుమని తండా మొత్తం దరఖాస్తు వెట్టింది. పైన నీ పేరే ఉన్నది."

మర్నాడు అతను సమ్మెకు ముందే తీసిపెట్టుకున్న నకలు తెచ్చి చూపించాడు. మొదటి కాగితం మారిపోయింది. వెనుకవి అవే గీతలు, అవే వేలిముద్రలు. గుట్ట మీంచి దిగే వాననీళ్లతోనే కింద కుంట నిండుతుంది. తండా మడులన్నీ ఆ కుంట కిందివే. బండలు పేల్చడం మొదలైతే ఇక అక్కడ మిగిలేది దుమ్మే.

చెబితే తండా ఏమంటుంది? అమ్ముకున్నావంటుంది. చెప్పకుంటే గుట్ట పోతుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. కత్తిరించాల్సిన గుడ్డను రెండుసార్లు తప్పు కత్తిరించింది.

సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్న వారంలో జగపతే వచ్చాడు.

"నకలు సూసినవట. పరేషాన్ గాకు అక్కా. ఒట్టి బండలను పట్టుకొని ఏం జేస్తరు? కంపెనీ లేకుంటే మన వేదికకు జీపులెక్కడియి, టెంట్లెక్కడియి?" లేచి చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "పూజ కొడకండ్ల హాస్టల్ల మంచిగ సదువుతున్నదా? ఆడపిల్ల. జర పైలం."

కూతురి పేరు నీలి అతనికి ఏనాడూ చెప్పలేదు.

మర్నాడు మొదటి బస్సుకే కొడకండ్ల పోయి పిల్లను వెంట తెచ్చుకుంది. "ఎందుకు యాడీ? పరీక్షలున్నయి గదా" అని పూజ దారి పొడుగునా అడిగింది. తల్లి మాత్రం వెనుక వచ్చే ప్రతి జీపునూ తిరిగి తిరిగి చూసింది. ఆ రోజునుంచి దుకాణం ఎదురుగా ఒక తెల్ల జీపు నిలబడేది. అందులోంచి ఎవరూ దిగేవారు కాదు.

గుట్ట లీజు గురించి గ్రామసభ అని దండోరా పడ్డాక ఇక దాచలేక సేవ్యా నాయక్ ముందు కూర్చుని అంతా చెప్పేసింది.

"నువ్వు సదివితేనే ఏలు వెట్టిన బిడ్డా," అన్నాడు ముసలాయన. "నువ్వే లేసి సెప్పాలె. నేను సెప్తే ముసలోడు మర్శిపోయిండంటరు."

గ్రామసభకు వచ్చిన అధికారి పక్కనే జగపతి కూర్చుని ఉన్నాడు. నీలి లేచింది. అధికారి ముందున్న కాగితాల వైపు వేలు చూపింది.

"గీ సంతకాలు నేనే తెచ్చిన," అంది. "తెలంగాణ కోసమని సదివి తెచ్చిన. గుట్ట కోసం గాదు. పై కాగితం మార్చిండ్రు."

"అబద్ధం! గీమె ఆంధ్రోళ్ల మనిషి, ఉద్యమ ద్రోహి!" జగపతి అరిచాడు. ఆ రోజుల్లో అంతకన్నా భయంకరమైన మాట లేదు. జనంలో గుసగుసలు లేచాయి. వెనుకనుంచి ఎవరో "కూసో!" అన్నారు. తన పక్కింటివాళ్లే తనను కొట్టబోతున్నారని నీలికి అనిపించింది.

అప్పుడు సేవ్యా నాయక్ కర్ర ఊతంతో లేచి అధికారి బల్ల దాకా నడిచాడు. బొటనవేలు చూపించాడు.

"నా ఏలిముద్ర నాకు వాపసియ్యి సారూ. నేను గుట్ట ఇయ్యలే."

అతని వెనుక జమ్లీ అనే ముసలామె లేచింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. అధికారి అభ్యంతరాలు రాసుకున్నాడు. దరఖాస్తు వెనక్కి పోయింది.

కానీ నీలి మునుపటిలా లేదు. దుకాణం యజమాని నెలలోపే ఖాళీ చేయమన్నాడు, కారణం చెప్పలేదు. మిషను తండాకు తెచ్చుకుంది. పూజకు ఆ ఏడాది చదువు పోయింది, తర్వాత మహబూబాబాద్‌లో చేరింది. తండాలో కొందరు నేటికీ నీలితో ముభావంగానే ఉంటారు.

2014లో రాష్ట్రం వచ్చే ముందు, వేసవిలో, మరిపెడ బస్టాండులో జగపతి ఎదురుపడ్డాడు. "మంచిగున్నవా అక్కా?" అంటూ అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఒక కరపత్రం ఇచ్చాడు. 'భూపాలపల్లి అడవి బిడ్డల అభివృద్ధి వేదిక'. కింద మహిళా అధ్యక్షురాలు అనిత అని, ఒక ఫోను నంబరు. నీలి దాన్ని మడిచి కొంగున కట్టుకుని తండా దారి పట్టింది.

ఇంటికి చేరి ఆ నంబరుకు ఫోను చేసింది. ఎత్తింది చిన్న వయసు గొంతు.

"నువ్వు నన్ను ఎరుగవు చెల్లె. నువ్వు సంతకాలు తీస్తున్న కాగితాలకు వెనక పేజీలున్నయా? పైన రాసి ఉన్నయా, ఉత్తయా?"

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ పిల్ల మెల్లగా అడిగింది. "ఉత్తయే. నువ్వెవరక్కా?"

నీలి తలుపు గడియ వేసి వచ్చి, తన పేరు, తండా పేరు చెప్పింది. మొదటినుంచీ జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టింది.