బిస్కెట్ డబ్బా గిటార్లు

ఆ ఏడాది ఆస్ట్రేలియాలో, క్వేకర్స్ హిల్‌లోని మా ఇంటి గరాజ్‌లో కారుకు చోటు లేదు. మా అమ్మాయి, వెనకవీధిలో ఉండే దాని స్నేహితురాలు అక్కడ గిటార్లు తయారుచేసేవాళ్లు. ఒక పెద్ద బిస్కెట్ డబ్బా, ఎవరో పారేసిన మంచం పట్టీ, మూడు తీగలు. అంతే. వేలికి సీసా మెడముక్క తొడుక్కుని తీగల మీద జారిస్తే, ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతులా పలికేది. దాన్ని బ్లూస్ అంటారని నాకు వాళ్లే చెప్పారు.

ఆ స్నేహితురాలు ఆస్ట్రేలియా పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది. నన్ను ఆంటీ అని పిలిచేది. పాటలు తను రాసేది, మా అమ్మాయి గొంతు కలిపేది.

పన్నెండో తరగతి మొదలవగానే నాకు మార్కుల భయం పట్టుకుంది. ఒక సాయంత్రం ఆ పిల్ల వస్తుంటే ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే ఆపాను. “ఎగ్జామ్స్ అయ్యేదాకా రాకమ్మా. నువ్వొస్తే అది పుస్తకం ముట్టదు,” అన్నాను ఇంగ్లీషులో. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. “ఓకే, ఆంటీ,” అని వెనక్కి తిరిగింది.

మళ్లీ రాలేదు. మా అమ్మాయే శనివారాలు వాళ్లింటికి వెళ్లేది. చదువుకోవడానికే అనుకున్నాను.

ఏప్రిల్‌లో, మాకు నాలుగు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్లో బ్లూస్ ఫెస్టివల్ జరిగింది. సొంతంగా చేసుకున్న వాయిద్యాలు వాయించే పిల్లలకు అక్కడ ఒక చిన్న స్టేజీ ఇచ్చారు. తీసుకెళ్లనంటే మా అమ్మాయి రెండు రోజులు అన్నం మానేసింది. సరేనని నేనే కారు నడిపాను.

ఆ పిల్ల ఉన్ని టోపీ పెట్టుకుని, వాళ్లమ్మ భుజం పట్టుకుని స్టేజీ ఎక్కింది. కనుబొమలు లేవు.

వాళ్లమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. “క్యాన్సర్ రిపోర్టు వచ్చిన రోజు ముందు మీ దగ్గరికే వెళ్తానంది. ఆంటీకి చెప్తే ధైర్యంగా ఉంటుందంది. మీకు థాంక్స్ చెప్పడం కుదరనేలేదు,” అంది.

నేను ఆపిన సాయంత్రమే అది.

రెండో పాటలో ఆ పిల్ల వాయిస్తూ తీగ తప్పింది. మా అమ్మాయి తన కుర్చీని ఆ పిల్ల పక్కకు జరుపుకుని, అదే వరుస మళ్లీ మళ్లీ వాయిస్తూ కాచుకుంది. ఊపిరి తీసుకుని ఆ పిల్ల మళ్లీ అందుకుంది. జనం కదలకుండా విన్నారు.

స్టేజీ దిగాక ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. “మూడో తీగ తప్పాను, విన్నారా ఆంటీ?”

క్షమించమని నేనడగలేదు. చల్లబడిన ఆ చేతుల్ని నా చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాను.

ఆగస్టులో, ఇక్కడి చలికాలం వెళ్లకముందే ఆ పిల్ల పోయింది.

పరీక్షలన్నీ అయ్యాక, డ్రైవ్‌వేలో నేనన్న మాట మా అమ్మాయికి చెప్పాను.

“ఐ నో, అమ్మా. తను ఆ రోజే చెప్పింది.”

“మరి నన్నెందుకు అడగలేదే?”

“తనే వద్దంది. మీ అమ్మ భయపడుతోంది, అంతే, అంది. షీ ఫర్‌గేవ్ యూ. నిన్ను క్షమించడం ఇంకా నా వల్లే కావట్లేదు.”

ఇప్పుడది యూనివర్సిటీకి వెళ్తోంది. నాతో బాగానే మాట్లాడుతుంది. గిటార్ మాత్రం ముట్టుకోదు. వాయించమని అడిగే హక్కు నాకుందనుకోను.