నాలుగంకెల చుట్టూ సుద్ద గీత

మా పాత డ్రైవరు పోయాడు. ఆ కబురు మావయ్యగారే చెప్పారు, పొద్దున్నే టిఫిను బల్ల దగ్గర కూర్చుని. "మన పాత డ్రైవరు పోయాట్టమ్మా. నిన్న పంక్చరు షాపులోనే కూలబడిపోయాట్ట. మంచోడే, పాపం. ఆ కునుకొక్కటి తియ్యకుండా ఉంటే ఇప్పటికీ మన దగ్గరే ఉండేవాడు" అన్నారు.

నేను పెనం మీద అట్టు తిప్పుతున్నాను. తిప్పి, తీసి, ఆయన ప్లేటులో వేశాను. నోరు మాత్రం విప్పలేదు. ఏడేళ్లుగా అదే పని చేస్తున్నాను కాబట్టి కొత్తగా కష్టం అనిపించలేదు.

అతను కునుకు తియ్యలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇవాళ కూర్చున్నాను. మిగతాదంతా ఇది నమ్మించడానికి చెబుతున్నదే. బతికున్నన్నాళ్లూ అతన్ని నువ్వు అనే పిలిచాను. ఇప్పుడు పోయాడు కదా అని గారూ గీరూ తగిలిస్తే నాకే సిగ్గేస్తుంది. అందుకని అతను అనే రాస్తాను. మీరు చదివేటప్పుడు ఆయన అని చదువుకోండి.

మా మామిడితోట కాపు బాగా వచ్చిన ఒక ఏడాది మావయ్యగారు విజయవాడలో ఎవరో కాంట్రాక్టరు కొన్నాళ్లు వాడి అమ్మేసిన జర్మన్ కారు కొన్నారు. నల్లగా, పొడుగ్గా ఉండేది. మా నూజివీడు సందుల్లో మలుపు తిరగాలంటే రెండుసార్లు వెనక్కి తియ్యాల్సి వచ్చేది. ఆ కారుతో పాటే అతనూ మా ఇంటికొచ్చాడు. ఆగిరిపల్లి పక్కన పల్లె. అంతకుముందు మామిడికాయల లారీ ఎక్కి ఢిల్లీ దాకా తోలినవాడు. మా ఇంట్లో ఆ కారు నడపడం చేతనైనవాడు అతనొక్కడే. మేమందరం ఎక్కి కూర్చోవడం చేతనైనవాళ్లం.

పొద్దున్నే వచ్చి అందరు డ్రైవర్లలా ముందు అద్దం తుడిచేవాడు కాదు. ముందు టైర్ల దగ్గర గొంతుకూర్చునేవాడు. అరచెయ్యి ఆనించి, పక్కలు తడిమి, గాళ్ళలో ఇరుక్కున్న రాళ్లు మేకుతో పీకేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. గాలి కొట్టించిన రోజు టైరు పక్కన చిన్న గీత పెట్టుకునేవాడు. సీట్లో కూర్చునేముందు చెప్పులు విప్పి, కాగితంలో చుట్టి, కాళ్ల దగ్గర పెట్టుకునేవాడు. అన్నం తినడానికి మాత్రం కారుకి దూరంగా పోయి ఏ చెట్టుకిందో కూర్చునేవాడు, కూర వాసన లోపలికి వస్తుందని. ఆ కారుని మాకంటే ఎక్కువగా తనది అనుకున్నాడేమో, చూసుకోవడంలో మాత్రమే.

పెద్దపెద్దవాళ్లు ఎక్కేవారు ఆ కారు. తోట చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు, కౌలుకొచ్చిన వ్యాపారులు. ఒకసారి ఒకాయన్ని దింపొచ్చాక, దారిలో ఏం మాట్లాడుకున్నారని కూపీ లాగబోయాను. నవ్వి, "కారులో మాట కారులోనే దింపెయ్యాలమ్మా. ఇంటికి తీసుకెళ్ళకూడదు" అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ మాట మీదే మా ఇంటి పరువు ఏడేళ్లు నిలబడుతుందని నాకేం తెలుసు.

కొన్న నాలుగేళ్లకి టైర్లు అరిగాయి. అంతటి కారు టైర్లు మా ఊళ్ళో దొరకవు. మావయ్యగారికి వరసకి బావమరిది అయ్యే ఒకాయనకి పక్క టౌనులో టైర్ల షాపుంది. ముగ్గురం వెళ్ళాం. బయల్దేరేముందు, మావయ్యగారు ఇంకా బయటికి రాకముందే, అతను పాత క్యాలెండరు చింపిన కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. టైరు పక్కన ఉండేవన్నీ ముద్దల్లాంటి అక్షరాలతో దించుకొచ్చాడు. "సైజొక్కటి కలిస్తే చాలదమ్మా. ఎంత బరువు మొయ్యగలదో ఓ నెంబరుంటది, దానికి తక్కువది వెయ్యకూడదు. ఎంత స్పీడుకి తట్టుకుంటదో ఓ అక్షరం ఉంటది. ఎప్పుడు తయారైందో కూడా అక్కడే ఉంటది. ఇవి సన్నపక్క టైర్లు, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు తక్కువ, వీటికి ఓర్పు తక్కువ. మీరు చెబితే అయ్యగారు వింటారు" అన్నాడు.

షాపాయన గోడౌన్లోంచి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. నల్లపాలిషు కొట్టి నిగనిగలాడుతున్నాయి. సైజు సరిపోయింది, బరువు నెంబరూ సరిపోయింది. మావయ్యగారు కాయ నొక్కినట్టు బొటనవేలితో నొక్కి చూసి బాగున్నాయన్నారు. అతను తుండుగుడ్డ తడిపి ఒక టైరు పక్క తుడిచి, పొడి కొసతో ఒత్తాడు. నాలుగు అంకెలు బయటపడ్డాయి. వాటి చుట్టూ సుద్దతో గీత గీశాడు.

"అయ్యగారూ, మొదటి రెండంకెలూ వారం, చివరి రెండూ సంవత్సరం అండి. ఇవి తయారై ఐదేళ్లు దాటిందండి. రేకుల షెడ్డు కింద ఐదు ఎండాకాలాలు మగ్గినయ్యండి. కొత్త సరుకు తెప్పించమనండి, వారం ఆగుదాం."

"రోడ్డు మీద ఒక్క అడుగు తిరగని టైరుని పాతదంటాడేంటి బావా ఇతను" అన్నాడు షాపాయన.

మావయ్యగారు తటపటాయించారు. నా మొహం చూశారు. మర్నాడు విస్సన్నపేటలో మా వాళ్ల పెళ్లి. నాకు ఆ కారులోనే దిగాలని ఉంది. నలుగురూ చూడాలని ఉంది. వారం ఆగడం నావల్ల కాదు. "టైరుకి వయసేంటి మావయ్యా, అదేమన్నా పాలప్యాకెట్టా" అన్నాను.

అందరూ నవ్వారు. అతను కూడా కొంచెం నవ్వాడు, నవ్వకపోతే బాగోదని. ఆ నవ్వుతోనే బేరం అయిపోయింది. నా చేతిలో కాగితం మడిచి పర్సులో వేసుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది ఎక్కడంటే, మావయ్యగారు ముచ్చిక చూసి ఆ కాయ కోసి ఎన్నాళ్లయిందో చెప్పే మనిషి. పైకి పసుపు పచ్చగా ఉన్న బంగినపల్లిని చేతిలోకి తీసుకుని, లోపల చెడిపోయిందని పక్కన పడేస్తారు. ఆయన మాట ఎప్పుడూ తప్పు కాలేదు. నలభై ఏళ్ల నుంచి మా ఇంటిల్లిపాదీ తిండి తింటున్నది ఆ తెలివి మీదే. పైకి బాగున్నది లోపల పాతబడుతుందని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన ఇల్లు మాది. అయినా ఒక డ్రైవరు ఆ మాట టైరు గురించి చెబితే మాకు నవ్వొచ్చింది.

ఆ టైర్ల మీద రెండు ఎండాకాలాలు గడిచాయి. కారు తిరిగింది తక్కువ, షెడ్డులో నిలబడింది ఎక్కువ. గాళ్ళు అరక్కుండా లోతుగానే ఉన్నాయి. అతను మాత్రం పక్కల్లో సన్నగా పగుళ్లు వస్తున్నాయని రెండుసార్లు మావయ్యగారికి, ఒకసారి నాకు చూపించాడు. చూద్దాంలే అన్నాం. మూడో ఎండాకాలం వచ్చింది.

మే నెలలో రసాలు పెట్టెల్లో సర్ది బంధువుల ఇళ్లకి చేర్చడం మా ఇంటి ఆనవాయితీ. ఆ రోజు రాజమండ్రి ప్రయాణం, మా ఆడపడుచు ఇంటికి. ఐదు పెట్టెలు చాలండి అని అతను ముందే చెప్పాడు. మావయ్యగారు పదకొండు ఎక్కించారు. వెనక డిక్కీ నిండి, నా పక్క సీటు నిండి, నా కాళ్ల కిందా పెట్టారు. అంత ఖరీదైన కారు వెనక కుంగిపోయి, బస్తాలు మోసే ఆటోలా బయల్దేరింది.

ఏలూరు దగ్గర టీకి ఆగినప్పుడు అతను టీ తాగలేదు. నాలుగు టైర్ల మీదా చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. మళ్ళీ బయల్దేరాక మావయ్యగారు ముందు సీట్లో నిద్రపోయారు. అవునండీ, ఆ కారులో నిద్రపోయింది ఆయన. అతను అద్దంలోంచి నన్ను చూసి, గొంతు తగ్గించి, "టైర్లు కాలిపోతున్నయ్యమ్మా. భీమడోలు దగ్గర చెట్లున్నయ్యి. ఓ అరగంట నీడన ఆపుతాను" అన్నాడు.

"వాళ్లు అన్నాలకి ఎదురుచూస్తుంటారు. పోనియ్" అన్నాను.

"సరేనమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఐదు నిమిషాలు కూడా కాలేదు. వెనక ఎడమ టైరు పేలింది. కారు ఒక పక్కకి లాగేసింది. అతను స్టీరింగు వదల్లేదు, ఒక్కసారిగా బ్రేకు కొట్టలేదు. పక్కన లారీ ఉంటే దాని కింద పడకుండా కారుని డివైడరుకి రాసుకుంటూ ఆపాడు. రాసుకున్నది అతని వైపే. అతని కుడి మోకాలు నుజ్జయింది. మావయ్యగారికి భుజం ఎముక విరిగింది. నాకు నుదుటి మీద మూడు కుట్లు. కాయలు రోడ్డంతా దొర్లాయి. మమ్మల్ని బయటికి లాగేవాళ్ల కంటే కాయలు ఏరుకునేవాళ్లే ముందొచ్చారు.

ఆసుపత్రికి అందరికంటే ముందు పరామర్శకి వచ్చింది టైర్ల షాపాయన. ఏమైంది బావా అని అడిగాడు. ఆయన మొహం మీద టైరు సంగతి ఎలా అంటారు మావయ్యగారు. "డ్రైవరు కునుకు తీశాడ్రా. కదమ్మా?" అని నా వైపు తిరిగారు.

పక్క మంచం మీద మోకాలికి కట్టుతో అతను పడుకుని ఉన్నాడు. అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఏమో మావయ్యా, నేను చూళ్లేదు" అన్నాను.

ఇన్నాళ్లూ నేను నోరు మూసుకున్నానని చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా అబద్ధమే. నోరు తెరిచాను, తెరిచి ఈ మాటన్నాను. అతను, "నేను నిద్రపోలేదండి అయ్యగారూ" అన్నాడు, ఒక్కసారే. టైర్ల మాట ఎత్తలేదు. నీడన ఆపుతానంటే నేను వద్దన్నానని చెప్పలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మా వైపు ఒక మాట పాకడానికి ఎంతసేపు కావాలి. నూజివీడు నుంచి ఉంగుటూరు దాకా అతనికి నిద్రపోయే డ్రైవరని పేరు పడింది. కాలు కుంటిదైనా నడపగలిగేవాడే, కానీ ఎవరూ తాళంచెవి చేతికివ్వలేదు. ట్రాక్టరు కూడా ఇవ్వలేదు. ఆగిరిపల్లి రోడ్డు మీద పంక్చరు షాపులో పనికి కుదిరాడు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టుకున్న మనిషి, స్కూటీ టైర్లు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ కూర్చున్నాడు.

రెండేళ్ల కిందట, మేము కొన్న ఇంకో పెద్ద కారుకి టైర్లు మార్చాల్సి వచ్చింది. కొత్త డ్రైవరు ఏ షాపుకైనా సరే అన్నాడు. నేను అతని దగ్గరికి వెళ్ళాను. చూడండి నా తోలు ఎంత మందమో. అతను లేచి, కుంటుకుంటూ వచ్చి, స్టూలు తుడిచి వేశాడు. "అయ్యగారి భుజం బాగుందామ్మా?" అని అడిగాడు. కారు చుట్టూ తిరిగాడు. ఎంత దూరాలు వెళతారు, ఎంత బరువు వేస్తారు, ఎక్కువగా నిలబడి ఉంటుందా అని వరసగా అడిగాడు. మళ్ళీ ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాడు. "శబ్దం రాని టైర్లని, మెత్తటి టైర్లని ఏవేవో చెప్తారమ్మా. అవి తర్వాత. ముందు నాలుగంకెలు చూడండి. ఏడాది దాటితే వద్దనండి. మీరే కూర్చుని చూడండి, ఎవరికీ వదిలెయ్యకండి" అన్నాడు.

ఈసారి ఆ కాగితం పర్సులో వేసుకోలేదు. షాపులో నేల మీద గొంతుకూర్చుని నాలుగు టైర్లకీ అంకెలు చదివాను. రెండు వెనక్కి పంపించాను. ఇవాళ మా పిల్లలు ఆ టైర్ల మీదే తిరుగుతున్నారు. ఆ రోజు అతని ఎదురుగా పావుగంట కూర్చుని కూడా, తప్పు నాది అనే మాట నా నోట్లోంచి రాలేదు. వస్తున్నప్పుడు "జాగ్రత్తమ్మా" అన్నాడు. "ఆఁ" అన్నాను.

అతను పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్ళాను. వాళ్ల ఆవిడ మామిడి కోతలకి వెళ్ళే మనిషి, చేతుల మీద సొన మచ్చలు. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఒక టైరు ఉంది. పక్క చీలిపోయి ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను. నాలుగంకెల చుట్టూ సుద్ద గీత. పొద్దున కురిసిన వానకి సగం కరిగిపోయింది.

"ఆసుపత్రి నుంచి వచ్చాక మెకానిక్కు షెడ్డుకెళ్ళి అడిగి తెచ్చుకున్నాడమ్మా. పారెయ్యనిచ్చేవాడు కాదు. వానకి గీత చెరిగితే మళ్ళీ దిద్దేవాడు. ఆ అంకెలేంటయ్యా అంటే చెప్పేవాడు కాదు" అంది ఆవిడ. "మీకేమన్నా తెలుసా అమ్మగారూ?"

తెలుసన్నాను. అక్కడే గడపలో కూర్చుని చెప్పాను. అంకెలంటే ఏంటో, షాపులో నేనేమన్నానో, రోడ్డు మీద ఏమన్నానో, ఆసుపత్రిలో ఏమన్నానో. ఇది అచ్చయితే మావయ్యగారు చదువుతారు. చదవనివ్వండి.

ఆవిడ తిట్టలేదు. తిడుతుందని, తిడితే బాగుండునని చూశాను. "నిద్రపోలేదే అని నాతో ఒక్కసారే అన్నాడమ్మా" అంది. "నేనే నమ్మలేదు. అంత పెద్దోళ్ళు అబద్ధమెందుకు చెప్తారయ్యా అన్నాను. ఇంకెప్పుడూ అనలేదు."

లేచి లోపలికి వెళ్ళింది. మేకుకి తగిలించిన ఖాకీ చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. నేను టైరు ముందు గొంతుకూర్చుని ఆ అంకెల చుట్టూ దిద్దాను. తడి రబ్బరు మీద సుద్ద పడలేదు.