దొరసాని కిటికీ

బూర్గంపాడు దాటి పినపాక తోవల పోతుంటే, అడివి మొదలయ్యే కాడ పాత దొరల గడి ఒకటి ఉంది. దానికి వంద గదులని నేను చాలామందికి చెప్పిన. పోయిన ఎండాకాలం టికెట్టు కొని లోపలికి పోయి చూస్తే ఇరవై కూడా లేవు. దొరల ఆస్తి నేనే తిన్నట్టు కొంచెం సిగ్గనిపించింది.

దొరల వారసులు ఎక్కడో పట్నంల ఉంటరట. గోడలకు సున్నం కొట్టించి, తోటలో బాటలు వేయించి, ఈ మధ్యనే జనానికి తెరిచిండ్రు. ఆ సంగతి తెలిసినకాడి నుంచి మా అక్క నా ప్రాణం తోడింది. "నన్ను తోల్కపో తమ్మీ. మేడెక్కి ఆ కిటికీలకెళ్లి ఒక్కసారి చూడాలె."

ఆ కిటికీ కథను నా కండ్లతోటి చూసినట్టే నలుగురికీ చెప్తుంట. నిజానికి అప్పుడు నేను అమ్మ చంకల ఉన్న. అక్క చెప్పిందే నాకు తెలిసింది.

మా అమ్మ ఆ గడి తోటలో పూలు కోసేది. అక్క పక్కన బుట్ట పట్టుకొని నిలబడేది. దొరల దేవుడి అర్రలోకి పోయే పూలు అవి. వాసన చూస్తే ఎంగిలైనట్టే. అందుకని కోసేటోళ్లంతా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలె. మల్లెమడి నడుమ నిలబడి మల్లెల వాసన తెలవకుండ తెల్లారంగనే పని. గేట్లకెళ్లి వస్తుంటే మేడ మీద రంగుటద్దాల కిటికీ కనపడేది. దొరసాని అందులకెళ్లి చూస్తదని అందరికీ భయమే. ఒకనాడు లోపలినుంచి కబురొచ్చింది. "నీ బిడ్డ గుడ్డ దించి పువ్వు వాసన చూసిందట. దొరసాని కిటికీలకెళ్లి చూసిండ్రు. రేపటినుంచి రావద్దు."

అమ్మ అక్కను కొట్టింది. ఆ తర్వాత బీడీల తునికాకు కోయడానికి ఎర్రటెండల అడివంతా తిరిగింది. కాలికి ముల్లు దిగినప్పుడల్లా "ఒక్క పువ్వు కోసం..." అని సగంలో ఆపేది. "నేను వాసన చూడలేదే అమ్మా" అని అక్క అంటనే ఉండేది. అమ్మ నమ్మకుండనే పోయింది.

"చూస్తే మాత్రం ఏమాయె, చిన్నపోరివి" అని నేనొకసారి అన్న. అక్క ఏడాది నాతోటి మాట్లాడలే. సరే, ఏడాది కాదు గానీ, పండక్కి చేసిన గారెలు మాత్రం నా దాకా రాలే.

ఆ ఎండాకాలమే ఇద్దరం ఆటో కిరాయికి మాట్లాడుకొని పోయినం. గేటు కాడ దిగంగనే అక్క చెప్పులు విడిచి చేతుల పట్టుకుంది. గడి చూపించే అమ్మాయి నవ్వి, "అమ్మమ్మా, చెప్పులు వేసుకోవచ్చు" అన్నది.

"తెలుసు బిడ్డా" అన్నది అక్క. వేసుకోలే.

నేను మాత్రం మీసం మెలేసుకుంట కిర్రుకిర్రుమని నడిచినట్టు రాద్దామనుకున్న. చూసుకుంటే నా చెప్పులు గూడ నా చంకలనే ఉన్నయి. ఎప్పుడు విడిచిన్నో నాకే తెలవదు.

ఆ అమ్మాయి పల్లకీ చూపించింది, నిలువెత్తు గడియారం చూపించింది. అక్క దేన్నీ చూడలే. మెట్లకాడికి రాంగనే కూలబడి, ఒక్కో మెట్టు మీద కూసుంట కూసుంట పైకి జరిగింది.

"ఏందక్కా, చంటిపిల్ల లెక్క?"

"నోరు మూసి చెయ్యియ్యిరా."

కిటికీ రెక్క తెరిచే ఉంది. అక్క కొంగుతోటి కండ్లు తుడుచుకొని చూసింది. మామిడిచెట్లు, నీళ్ల తొట్టి, గేటు, అవతల రోడ్డు. "మల్లెమడి ఏది బిడ్డా?"

"ఆ వంటశాల వెనక, అమ్మమ్మా. ఇప్పటికీ మల్లెలే పూస్తయి."

వంటశాల పెంకుల కప్పు తప్ప మాకేం కనపడలే.

"ఆ వంటశాల మొన్న కట్టిండ్రా?"

"లేదు, మేడతోటే కట్టిండ్రు. రాయి గూడ ఒక్కటే."

"అటు దిక్కు ఇంకో కిటికీ ఉన్నదా?"

"అటంతా గోడే అమ్మమ్మా."

అక్క కిటికీ ఊచలకు మొఖం ఆనించి ఆ పెంకుల దిక్కే చూసింది. తర్వాత నా దిక్కు తిరిగింది. "నువ్ కిందికి పో. పోయి మడిల నిలబడు."

పోయిన. మల్లెలు విరగబూసినయి. వాసనకు ముక్కు అదిరింది. తలెత్తితే పెంకులు, ఆ పైన ఆకాశం, అంతే. కిటికీ లేదు, అక్క లేదు. తువ్వాల తీసి ఊపిన. ఎగిరెగిరి దూకిన అందామంటే మోకాళ్లు ఒప్పుకోవు, మునివేళ్ల మీద లేచిన.

"పోయినవారా?" పైనుంచి అక్క గొంతు.

"పోయిన!"

"మల్లెమడిలనేనా?"

"మల్లెమడి నట్టనడుమ!"

"చెయ్యి ఊపు!"

"ఊపుతనే ఉన్న!"



"ఏడున్నవ్‌రా? కనపడుతలేవేందిరా!"

తోటలో తిరిగే జనం ఆగి మేడ దిక్కు చూసిండ్రు. నేను జవాబియ్యలే. ఇంకోసారి అననీ, ఇంకా గట్టిగ అననీ అని, నోరు మూసుకొని ఆ పూల నడుమ నిలబడ్డ.