కోనలో పడదోసిన పొయ్యిరాయి

ఇది రాయబోయే ముందు గుప్పెట్లో కల్లుప్పు పట్టుకుని, సముద్రం వైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఉప్పు మీద ఒట్టేసి అబద్ధమాడితే నోరు పూస్తుందని మా వాకాడు వైపు అంటారు. నా నోరు చాలాసార్లు పూసింది, ఆ సంగతి వేరు.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి వీల్లేదు కూడా. మా ఊళ్ళో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. సరుగుడు తోటలో తెల్లచీర, ఉప్పు కొఠారు దగ్గర తలలేని గుమాస్తా, ఇవన్నీ నా బిడ్డలు. సొంత బిడ్డల్ని చూసి ఎవడు జడుసుకుంటాడు?

కానీ వెలిగొండల్లో జరిగింది నేను పుట్టించింది కాదు.

అరవైల మొదట్లో సంగతి. నేనప్పుడు మీసం దువ్వుకునే వయసులో ఉన్నాను. ఎండాకాలం వస్తే మా తీరంలో గొడ్లకు మేత ఉండేది కాదు. మిగిలిన గడ్డిలో ఉప్పు, బావుల్లో నీళ్ళు చవుడు. కోతలు కాగానే ఊళ్ళో ఆవులన్నిటినీ మందగా కలిపి, గూడూరు మీదుగా రాపూరు దాటించి కొండల్లోకి తోలుకుపోయేవాళ్ళం. వానలు పడేదాకా అక్కడే కాపురం. అడవిలో సత్రం లేదు, చావిడి లేదు, అద్దె అడిగేవాడు లేడు. నీడా నీళ్ళూ ఎక్కడ దొరికితే అక్కడే మకాం.

ఆ మకాం వెతుక్కోవడం చిన్న పని కాదు. సాయంత్రం గువ్వలు ఎటు వాలుతున్నాయో చూడాలి. వాగు ఇసుకను అడవిపందులు ఎక్కడ కెలికాయో అక్కడ చెయ్యి పెట్టి తడి చూడాలి. నీళ్ళు కనబడినంత మాత్రాన గొడ్లను దింపకూడదు. పైన ఎక్కడో పశువు చచ్చి కుళ్ళి ఉంటే మంద మొత్తం పోతుంది.

ఇవన్నీ మన తలనొప్పి లేకుండా చెప్పేది ఒకటుంది. అది పొయ్యి.

అడవిలో మకాం చేసినవాడు మూడు రాళ్ళు పెట్టి వండుకుంటాడు కదా. వెళ్ళిపోయేటప్పుడు చోటు మంచిదైతే ఆ పొయ్యిని అలాగే నిలబెట్టి పోవాలి. నీళ్ళు చెడ్డా, పులి తిరిగినా, మనిషో పశువో పోయినా, ఒక రాయి పడదోసి పోవాలి. తర్వాత వచ్చినవాడు అది చూస్తాడు. మూడు రాళ్ళూ నిలబడి ఉంటే మూట దించుతాడు. ఒకటి పడి ఉంటే ఆగకుండా ముందుకు నడుస్తాడు. ఆ పొయ్యితో ఎవరూ అబద్ధమాడేవారు కాదు. గొడ్ల దొంగలు కూడా పొయ్యి విషయంలో నిజమే చెప్పి పోయేవారు.

మా మందకు పెద్ద మా చెంగయ్య బావ, అంటే మా అక్క మొగుడు. పని తెలిసినవాడు. ఆవు కంట్లో నీరు చూసి రోగం చెప్పేవాడు. అయితే ఎదుటివాడు ఇబ్బంది పడుతుంటే చూసి నవ్వే గుణం ఉండేది. నాకూ అది ఉంది. అందుకే మాకిద్దరికీ బాగా కుదిరింది.

ఆ ఏడాది కొండలు బాగా ఎండిపోయాయి. మా అదృష్టం, ఒక కోనలో మంచి దొన దొరికింది. దొన అంటే బండల సందున నీళ్ళు నిలిచే లోతైన గుంట. కాలిబాట పైన ఉంటుంది, దొన కింద పొదల చాటున ఉంటుంది. బాట మీద నిలబడితే నీళ్ళు కనబడవు. మేము పొయ్యి పెట్టుకున్నది బాట పక్కనే. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉండేవి.

కొన్నాళ్ళకు చుట్టుపక్కల మేత అయిపోయింది. పై వాలుకు తోలుకుపోయి, అక్కడ మేపుకుని మళ్ళీ కిందికి రావాలనుకున్నాం. బయలుదేరేటప్పుడు బావ వెనక్కి వచ్చి, కుడికాలితో పొయ్యిరాయిని ఒక్క తాపు తన్నాడు. రాయి దొర్లి పడింది.

"ఏంది బావా, మంచి పొయ్యిని తంతివి?"

"మనం వచ్చిందాకా కావలి పెట్టిపోతావుండా. కూలీ అడగదు, కూడడగదు."

"ఎవురన్నా దప్పికతో వస్తే?"

"వస్తే ముందుకు పోతారు. వాళ్ళకు కాళ్ళు లేవా ఏంది?"

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది.

తిరిగి వచ్చేసరికి పొయ్యి దగ్గర నేలంతా గిట్టల అచ్చులు. ఒక చిన్న మంద వచ్చింది. గొడ్లకు నీళ్ళ వాసన తగిలినట్టుంది, దొన వైపే ఎగబడ్డాయి. వాటిని కొట్టి మళ్ళించారు. విరిగిన కర్రముక్కలు అక్కడే పడి ఉన్నాయి. అచ్చులు వెనక్కి తిరిగి, పక్కనున్న ఎండుకోనలోకి పోయాయి.

"చూసినావా బామ్మర్దీ, నా కావలోడు ఎంత గట్టోడో!" అని బావ తొడ చరిచాడు.

అప్పుడు ఎండుకోన మీద రాబందులు తిరుగుతూ కనిపించాయి.

వెళ్ళి చూశాం. వాగు ఇసుకలో మూతులు దూర్చి ఆవులు పడి ఉన్నాయి. వాటి మధ్య ఒక ముసలాయన. చేతులతో ఇసుక తవ్వాడు. గోళ్ళు లేవు. చచ్చిపోయి ఉన్నాడు. కాస్త ఎడంగా, బండ నీడలో ఆయన భార్యకు ఇంకా ఊపిరి ఆడుతోంది. బావ పరుగెత్తి తన చెంబులో నీళ్ళు ఆమె నోట్లో కొంచెం కొంచెంగా పోశాడు. ఆమె కళ్ళు తెరిచింది.

పేరు పోలమ్మ అని చెప్పింది. దొరవారిసత్రం దగ్గర పులికాటు ఒడ్డు పల్లె. పోయినాయన పేరు మునెయ్య.

"ఈ నీళ్ళు యాడియి నాయనా?"

"పైకోనలోయి, అమ్మా," అన్నాడు బావ.

"కింద పొయ్యి కాడికి వచ్చినామయ్యా. గొడ్లు దిగతామంటే కొట్టి మళ్ళించినాం. రాయి పడుండాది గదా. ఎవురో పుణ్యాత్ములు, ముందే చెప్పిపోయినారు. వాళ్ళ బిడ్డలు చల్లగుండాల."

బావ మొహం మారలేదు. "తాగమ్మా, ఇంకాస్త తాగు," అన్నాడు.

మునెయ్యను అక్కడే పూడ్చి, ఆమెను కట్టెల బండి ఎక్కించి రాపూరు పంపించాం. తిరిగి వస్తూ బావ పొయ్యి దగ్గర ఆగాడు. పడిన రాయిని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ నిలబెట్టాడు. "ఇది ఎవురికీ చెప్పబాక," అన్నాడు. అంతే. ఆ ఎండాకాలం మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

మరుసటి ఏడు కూడా ఆ దొనకే పోయాం. అంత మంచి నీళ్ళు ఇంకెక్కడా లేవు. మేము చేరింది పొద్దున పూట. మంద మిగతావాళ్ళతో వెనక నెమ్మదిగా వస్తోంది. బావ నిలబెట్టిన మూడు రాళ్ళూ అలాగే ఉన్నాయి. సంగటికి ఎసరు పెట్టాం. మంట అందుకుందో లేదో, ఒక రాయి బయటికి ఒరిగి పడింది. కుండ దొర్లింది, నిప్పు ఆరింది.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే రాయి.

"బావా, నీ కావలోడు ఇంకా డ్యూటీ దిగలా," అన్నాను.

బావ నవ్వలేదు. కత్తితో నేల తవ్వి, రాయిని సగం దాకా పాతి, చుట్టూ చిప్పరాళ్ళు దిగగొట్టాడు. మందను అందుకోవడానికి మేమిద్దరం బాట మలుపుదాకా వెళ్ళి వచ్చాం. రాయి గుంటలోంచి బయటపడి పక్కకు పడుకుని ఉంది. చిప్పరాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గాలి లేదు. పందికొక్కు బొరియ ఉందేమోనని నేనే చెయ్యి పెట్టి చూశాను. గట్టినేల. మా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

ఇంతలో ఆవులు వచ్చాయి. ఎండలో నడిచి నాలుకలు వేలాడేసుకుని ఉన్నాయి. పోయినేడు గిట్టల అచ్చులు ఎక్కడ వెనక్కి తిరిగాయో సరిగ్గా అక్కడ ఆగాయి. ఆగి, ఎవరో అదిలించినట్టు తలలు తిప్పి ఎండుకోన వైపు నడవసాగాయి.

మేము అడ్డం పడ్డాం. కొట్టాం. దొన వైపు తోసి తోసి కొట్టాం. ఒక్కటీ దిగలేదు. బావ చేతిలో కర్ర విరిగింది. ఆ విరిగిన ముక్కను ఒకసారి చూసుకుని పక్కన పడేశాడు.

తర్వాత కిందికి ఉరికి బొక్కెనతో నీళ్ళు తెచ్చి ఎర్రావు ముందు పెట్టాడు. అది కడుపుతో ఉంది, బావకు ప్రాణం. మూతి దగ్గర పెట్టి, బుస్సున ఊపిరి వదిలి మొహం తిప్పేసింది. నీళ్ళలో ఏమన్నా ఉందేమోనని నేను తాగాను. ఏమీ లేదు. అంతకు ముందులాగే తియ్యగా ఉన్నాయి. బావ నా చేతిలోంచి బొక్కెన లాక్కుని ఎత్తిపట్టుకున్నాడు. గుక్క నోట్లోకి పోయింది. గొంతు దాటలేదు. ముక్కులోంచి వచ్చేసింది.

నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. చప్పట్లు కొట్టాను కూడా.

ఆవుల్ని వచ్చిన దారినే దించి రోడ్డు పక్క చెరువుకు తోలాం. అక్కడ కడుపారా తాగాయి. వాటి పక్కనే వంగి బావ కూడా దోసిలి పట్టాడు. ఆయనకు దిగలేదు. సంగటి ముద్ద మింగేవాడు. మజ్జిగ గానీ నీళ్ళు గానీ చుక్క దిగేది కాదు.

మందను మా ఊరివాళ్ళకు అప్పగించి ఆయన్ను గూడూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు గొంతులో లైటు వేసి చూశాడు. పుండు లేదు, వాపు లేదు. కుక్క కరిచిందా అని అడిగాడు. ఒళ్ళంతా వెతికినా గాటు లేదు. పిచ్చికుక్క కరిచినవాడు నీళ్ళ చప్పుడుకే బెదిరిపోతాడట. మా బావ బెదరలేదు సరికదా, కుండ పక్కనే కూర్చుని అందులోకి చూసేవాడు. సూదిమందులు వేశారు, నరానికి నీళ్ళెక్కించారు. ఎక్కించినవి ఎక్కించినట్టే చెమటై పోయేవి. మనిషి రోజురోజుకూ ఎండుటాకు అవుతున్నాడు.

అక్క చంటిబిడ్డతో వచ్చింది. అప్పుడు బావ ఆమెకు పొయ్యిరాయి సంగతి మొత్తం చెప్పాడు. అక్క తిట్టలేదు. నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఆయమ్మ కాడికి తీసకపోరా. కాళ్ళు పట్టుకోండి. ఆమె చేత్తో ఒక్క గుక్క పోయించు. దిగిందో లేదో నువ్వే వచ్చి నాకు చెప్పాల. ఇంకెవురు చెప్పినా నేను నమ్మను."

నన్ను నమ్ముతానన్న మనిషి ఊళ్ళో అదొక్కతే.

రైల్లో దొరవారిసత్రం, అక్కణ్ణించి బాడుగ బండిలో పల్లెకు. మిట్టమధ్యాహ్నం. పోలమ్మ గుడిసె ముందు కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది.

"రాండి నాయనా, రాండి! ఆ దినం నాకు నీళ్ళు పోసిన బిడ్డలు గదా. ఏందయ్యా, ఇట్ట చిక్కిపోయినావు?"

బావ పెదాలు పగిలి ఉన్నాయి. మాట పిడచగట్టుకుని వస్తోంది. "దొనలో నీళ్ళు మంచియే అమ్మా. రాయి తన్నింది నేనే. వేరేవాళ్ళు రాకుండా," అన్నాడు.

ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"గొడ్లను నేను గూడా కొట్టినానయ్యా. మా ఆయన వద్దు వద్దంటావున్నా, రాయి పడుండాది చూళ్ళేదా అని కొట్టినా. చానా కొట్టినా."

లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఏ కాలితోనయ్యా?"

బావ కుడికాలు చాచాడు. ఆమె ఆ కాలి మీద నీళ్ళు పోసింది. ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వడం మన దగ్గర మర్యాద. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. తర్వాత మళ్ళీ లోపలికి పోయి, రెండో చెంబు తెచ్చి, బావ దోసిట్లో వంచింది. గుటకపడ్డ చప్పుడు నేను విన్నాను. ఒక్క గుక్క. దిగింది. బావ కళ్ళు మూసుకుని నవ్వాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. తిరుగు దారిలో, పులికాటు ఒడ్డున, బండిలోనే పోయాడు. గొంతు తడిసి పోయాడని అక్కకు చెప్పాను.

"తాగినాడు గదా, అంతే చాలు," అంది అక్క. ఇప్పటికీ ఆ మాట చెప్పుకునే బతుకుతోంది.

ఇంతదూరం వచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. రాయి పడటమో, ఆవులు మళ్ళడమో అనుకుంటారు మీరు. అవి నా కళ్ళతో చూసినవే. రాయి ఎందుకు పడిందో, ఆవులను మళ్ళించింది ఎవరో, నేను తాగిన నీళ్ళు ఆయనకెందుకు దిగలేదో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు. ఆమె చేత్తో పోసి ఉంటే దిగేదో దిగేది కాదో, అదీ తెలియదు.

అక్కకు చదువు రాదు. అందుకే రాస్తున్నాను. పోలమ్మ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. బావ దోసిలి పట్టుకుని ఆ గుమ్మం ముందు ఎండలో చాలాసేపు కూర్చున్నాడు.

రెండో చెంబు రాలేదు.